షికాగో మహానగరము: పంట యొకరిది, త్రాసు వేఱొకరిది

కొన్ని నగరములను రాజులు కట్టించిరి. కొన్ని దేవాలయముల చుట్టును పెరిగినవి. కొన్ని సముద్రపు రేవులయొద్ద వెలసినవి. అమెరికా సంయుక్తరాష్ట్రములందలి షికాగో నగరమునకు రాజు లేడు, క్షేత్రమాహాత్మ్యము లేదు. సముద్రము వందలకొలది మైళ్ల దూరమున నున్నది. రెండువందల యేండ్లకు పూర్వ మచ్చట నుండినది బురదనేలయు, దాని నడుమ మెల్లగా పాఱు నొక చిన్న యేఱును మాత్రమే. అట్టి చోట 1840 లో 4,470 మంది నివసించుచుండిరి. 1890 నాటికి జనసంఖ్య 10,99,850 అయ్యెను. ఏబదియేండ్లలో నింతటి వృద్ధి పొందిన నగరములు ప్రపంచచరిత్రమున అరుదు.

ఈ వృద్ధికి మూలమైనవి గోధుమ, మొక్కజొన్న, పశువులు, కలప. వీనిలో నేదియు నగరమున పండినది కాదు, పెరిగినది కాదు. పల్లెలనుండి వచ్చిన సరకును దింపుకొని, తూచి, తరగతులు పెట్టి, వెలకట్టి, దూరదేశములకు పంపుట నగరము చేసిన పని. పండించినవాడొకడు, త్రాసు పట్టినవాడొకడు, బరువు మోసినవాడొకడు. ఈ మువ్వురి నడుమ జరిగిన పోరాటమే షికాగో చరిత్రమని మా యభిప్రాయము. భూమిగల మన పాఠకులకును, పట్టణములలో వర్తకము చేయు పాఠకులకును ఇందు గ్రహింపదగినది కలదని తలంచి ఆ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అడవియుల్లి మొలచిన నేల

మిషిగన్ సరస్సు పేరునకు సరస్సే గాని చూపునకు సముద్రము, ఆవలిగట్టు కానరాదు. దాని నైరృతిమూలను షికాగో యేఱు వచ్చి కలియుచుండెను. ఆ యేటికి పడమటగా కొన్నిమైళ్లు పోయినచో నేల యించుక మిట్టయగును. మిట్టకు ఈవల పడిన వర్షపునీరు సరస్సులద్వారా అట్లాంటిక్ సముద్రమునకు పోవును. ఆవల పడిన నీరు మిసిసిపీ నదిలో కలిసి దక్షిణమున మెక్సికో సింధుశాఖను చేరును. ఒక ఖండమునందలి రెండు మహాజలమార్గములను వేఱుచేయునది ఆ చిన్న మిట్ట యొక్కటియే. ఆదిమజాతులవారు తమ తేలికపడవలను భుజములపై మోసికొని దానిని దాటుచుండిరి. ఆ యేటియొడ్డున విస్తారముగా మొలచు అడవియుల్లికి వారి భాషలో నున్న పేరే ఫ్రెంచివారి నోట మాఱి షికాగో యైనది.

ఆదిమజాతులవారు గాక, అచ్చట మొదట స్థిరనివాస మేర్పఱచుకొనినవాడు జాన్ బాప్టిస్టు పాయింట్ డు సేబిల్. ఆయన ఆఫ్రికా సంతతివాడు. పదునెనిమిదవ శతాబ్ది చివర యేటిమొగయొద్ద ఇల్లు కట్టి, వ్యవసాయమును వర్తకమును సాగించి, 1800 లో ఆస్తినమ్మి వెడలిపోయెను. నల్లవాడు వేసిన పునాదిపై లేచిన నగరము ఆతనిని తన స్థాపకునిగా 1968 లో గాని గుర్తింపలేదు. ఆ నగరమున నల్లవారికి జరిగిన సంగతులను ముందు చెప్పబోవుచున్నాము గనుక పాఠకులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

1803 లో అమెరికా ప్రభుత్వము వారచ్చట డియర్‌బార్న్ కోటను కట్టిరి. 1812 నాటి యుద్ధములో పొటవాటమీ జాతివారు దానిని తగులబెట్టిరి. 1833 లో ఆ జాతివారిచే ఒక సంధిపత్రముపై గుర్తులు పెట్టించుకొని, సుమారు 50 లక్షల యెకరముల భూమిని ప్రభుత్వము తీసికొనెను. వారు మిసిసిపీకి ఆవలకు తరలిపోవలెనని నిర్ణయము. 1835 లో, బయలుదేఱుటకు ముందు, ఆ జాతివీరులు సుమారు ఎనిమిదివందలమంది ముఖములకు రంగులు పూసికొని తమ యుద్ధనృత్యమును షికాగో వీథులలో తుదిసారి యాడిరి. క్రొత్తగా వచ్చినవారు కిటికీలనుండి భయముతో చూచిరట. కాగితముమీద నది క్రయము, అనుభవించినవారికి దేశభ్రష్టత్వము. పరదేశీయుల పత్రములయందు సంతకములు చేసిన జాతుల కథ మనకు క్రొత్తది కాదు.

గోనెసంచి పోయి రసీదు వచ్చుట

1837 లో షికాగో నగరముగా ప్రకటింపబడెను. అప్పటికి జనము నాలుగువేలు. దాని భాగ్యమును నిర్ణయించిన సంవత్సరము 1848. ఆ యేట పైని చెప్పిన మిట్టను త్రవ్వి, సరస్సును మిసిసిపీ మార్గముతో కలుపు 96 మైళ్ల కాలువ పూర్తియయ్యెను. దానిని త్రవ్వినవారిలో ఐర్లండునుండి వచ్చిన పేదకూలీలు పెక్కండ్రు. ఆ యేటనే మొదటి రైలుబండి నడచెను, తంతివార్తలు వచ్చెను, వర్తకులు కూడి ‘బోర్డ్ ఆఫ్ ట్రేడ్’ అను సంఘమును స్థాపించుకొనిరి. అంతకు ముందటి యేడు మెక్‌కార్మిక్ అను నాయన తన కోతయంత్రముల కర్మాగారమును అచ్చట నెలకొల్పియుండెను. పంట కోయుటకు యంత్రము, మోయుటకు రైలు, వెల తెలియుటకు తంతి, బేరమునకు సభ. అన్నియు నొక్కచోట కూడినవి.

అంతకు పూర్వము రైతు ధాన్యమును గోనెలకెత్తి పంపుచుండెను. గోనె యెన్నిచేతులు మాఱినను దానిలోని గింజ ఆ రైతు గింజయే. తూర్పుతీరమున అమ్ముడుపోవువఱకు దాని లాభనష్టము లాతనివే. రైలు వచ్చిన తరువాత ఈ పద్ధతి నిలువలేదు. వేలకొలది గోనెలను మనుష్యులు వీపులపై మోసి దింపుచుండగా బండ్లు నిలిచిపోవుచుండెను. అందుపై ఏటియొడ్డున ఎలివేటరులనబడు ఎత్తైన ధాన్యపుమేడలు లేచినవి. ఆవిరియంత్రముతో తిరుగు పట్టాకు కట్టిన బొక్కెనలు, నూతినుండి నీరు చేదినట్లు, ధాన్యమును బండిలోనుండి మేడపైకి చేదును. పైని అది తూగి, వాలుగొట్టములగుండ గాదెలలో పడును. ఓడ వచ్చినపుడు గాదె మూత తీసిన చాలును.

గోనె లేనిచో ఎవరి గింజ యేదియో తెలియుట యెట్లు? తెలియనక్కఱలేదని వర్తకులు తీర్మానించిరి. 1856 లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ వారు గోధుమను తరగతులుగా విభజించిరి. ఒకే తరగతికి చెందిన ధాన్యమంతయు నొకే గాదెలో కలియును. రైతునకు చిక్కునది యొక రసీదు. ఆ రసీదు తెచ్చినవానికి ఆ తరగతి ధాన్యము అంతకొలది మేడవారు కొలిచి యీయవలెను. ఈ రసీదులు క్రమముగా కరెన్సీనోట్లవలె చేతులు మాఱజొచ్చెను. పిదప ఇప్పుడు లేని ధాన్యమును కూడ, రాబోవు నెలలో ఇత్తునను మాటపై, అమ్ముటయు కొనుటయు నారంభమయ్యెను. ఈ వాయిదా బేరములకు 1865 లో సంఘమువారు నిబంధనలు చేసిరి. నేడు ప్రపంచమందంతటను పత్తి, పంచదార, నూనెగింజలు మొదలగువానికి జరుగు వాయిదా వ్యాపారములకు షికాగో నిబంధనలే మాదిరి యైనవి.

ఇందు మేలు లేదని మేమనము. కోతకు ముందే వెల నిశ్చయించుకొనిన రైతునకును, పిండిమర యజమానికిని నిద్ర పట్టును. రసీదు కుదువబెట్టి అప్పు తెచ్చుకొనవచ్చును. కాని గింజ కంటికి కనబడని బేరములో గింజ నెన్నడును చూడనివాడు కూడ ప్రవేశించును. సరకునంతయు రహస్యముగా కొని బంధించి, వాయిదానాటికి ఈయవలసినవారిని తాను చెప్పిన వెలకు లొంగదీయు మహానుభావులు షికాగోలో తఱచుగా బయలుదేఱిరి. వారి జూదములో గోధుమవెల పైకెగసినపుడు అప్పటికే పంట నమ్ముకొనియున్న రైతునకు లాభము రాలేదు. వెల కూలినపుడు నష్టము మాత్రము ఆతని యింటి వాకిటికి తప్పక వచ్చెను.

త్రాసుపై తీర్పు

రసీదుల రాజ్యములో త్రాసు పట్టినవాడు రాజు. ధాన్యపుమేడలు కొద్దిమంది చేతులలో నుండెను. వారికిని రైలుకంపెనీలకును లోపాయకారి యొడంబడికలు కలవు. ఏ రైలుపై ధాన్యము వచ్చినదో ఆ రైలువారు చెప్పిన మేడకే అది పోవలెను. రైతునకు వేఱు దారి లేదు. మేడవారందఱు కూడి అద్దె నిర్ణయించుకొందురు. మేలుగింజను క్రింది తరగతిగా వ్రాసికొని, పిదప చెడుగింజతో కలిపి పైతరగతిగా అమ్ముచున్నారని రైతులు మొఱపెట్టిరి. గాదెలలో నున్న ధాన్యముకంటె ఎక్కువకు రసీదులు పుట్టుచున్నవని వర్తకులకే యనుమానము కలిగెను.

ఇల్లినాయి రాష్ట్రపు రైతులు ఊరూర సంఘములుగా నేర్పడిరి. ఇందు విశేషమేమనగా, బోర్డ్ ఆఫ్ ట్రేడ్ వర్తకులును ఈ విషయమున వారితో నేకీభవించిరి. దొంగరసీదు రైతును ముంచినట్లే వర్తకునిని కూడ ముంచును గదా! 1870 లో రాష్ట్రమునకు క్రొత్త రాజ్యాంగము వ్రాయునపుడు ధాన్యపుమేడలనుగూర్చి యొక యధ్యాయమునే చేర్చిరి. 1871 లో చట్టము పుట్టెను. మేడ నడుపువాడు లైసెన్సు పుచ్చుకొనవలెను. అద్దె చట్టము విధించిన పరిమితిని మీఱరాదు. ధాన్యమును తనిఖీ చేయువాడు ప్రభుత్వోద్యోగి గావలెను.

మన్ అండ్ స్కాట్ అను మేడల యజమానులు లైసెన్సు తీసికొననొల్లరైరి. వారికి విధింపబడిన జరిమానా నూఱు డాలర్లు. ఆ నూఱు డాలర్లకై వ్యాజ్యము దేశపు సర్వోన్నత న్యాయస్థానమువఱకు పోయెను. ‘మా ధనముతో కట్టుకొనిన మేడ మాది, అద్దె యెంతయో చెప్పుటకు ప్రభుత్వ మెవరు?’ అనునది వారి వాదమునకు సారము. 1877 లో ప్రధాన న్యాయమూర్తి వెయిట్ తీర్పు చెప్పెను. స్వంత ఆస్తియే యైనను, దానిని ప్రజలందఱకు అవశ్యమైన యుపయోగమునందు పెట్టినవాడు ఆ మేరకు ప్రజల యదుపునకు లోబడవలెనని ఆ తీర్పు తాత్పర్యము. దేశపు ధాన్యమంతయు నడచు ఇరుకుదారిలో ద్వారము పెట్టుకొని కూర్చున్నవాడు అడిగినంత సుంకము పుచ్చుకొనుటకు స్వాతంత్ర్యము లేదని న్యాయస్థానము తేల్చెను.

ఈ తీర్పు షికాగో యిచ్చిన కానుకలలో పెద్దదని మేము తలంతుము. దానితో రైతుల కష్టము లన్నియు తీరలేదు. రాష్ట్రములనుదాటి పోవు రైళ్ల కిరాయిని నిర్ణయించు నధికారము రాష్ట్రమునకు లేదని 1886 లో ఆ న్యాయస్థానమే చెప్పెను. ఆ లోటును పూరించుటకు 1887 లో దేశప్రభుత్వమే రైళ్లపై చట్టము చేయవలసివచ్చెను. ఒక మెట్టెక్కిన పిదప రెండవమెట్టు కనబడును. మొదటిమెట్టు నెక్కినవారు మాత్రము కోర్టుపక్షిగా నెవరో యొకరు కాక, సంఘములుగా కూడిన రైతులు.

అగ్నియు, ఆవును, ఏఱును

1871 వేసవి వానలు లేక గడచెను. నగరములో నిండ్లు కొయ్యవి. వీథులలో పఱచిన బాటలు సైతము పెక్కుచోట్ల కొయ్యవే. అక్టోబరు 8 వ తేదీ రాత్రి నైరృతిదిక్కున ఒక పశువులకొట్టములో నిప్పు పుట్టెను. గాలి తోడుపడెను. పదవతేదీ వాన కురియువఱకు మంట లాఱలేదు. సుమారు మూడువందలమంది మరణించిరి. లక్షమందికి నిలువనీడ లేకపోయెను. పదునేడువేలకు పైగా కట్టడములు బూడిదయయ్యెను.

కొట్టము ఒలియరీ యను ఐరిష్ గృహిణిది. ఆమె పాలు పితుకుచుండగా ఆవు లాంతరును తన్నెనని పత్రికలవారు వ్రాసిరి. ఆమె పేదరాలు, పరదేశమునుండి వచ్చినది, వేఱు మతశాఖకు చెందినది. నగరమునంతయు కొయ్యతో కట్టినవారిని నిందించుటకంటె ఆమె ఆవును నిందించుట సుకరమయ్యెను. విచారణలో నేరము రుజువు కాకున్నను, ఆమె జీవించినంతకాలము ఆ నింద మోసెను. ఆమె దోషి కాదని నగరసభవారు 1997 లో తీర్మానించిరి. అప్పటి కామె మరణించి నూఱేండ్లు దాటినవి. పత్రికాధర్మము నవలంబించు మా వంటివారికి ఈ కథ యొక హెచ్చరిక.

మంటలలో పశువుల యంగడియు, రైలుమార్గములును చాలవఱకు మిగిలినవి. పల్లెల పంట యాగలేదు గనుక నగరము లేచెను. 1880 నాటికి జనసంఖ్య అయిదులక్షలు దాటెను. కాలిన స్థలముల వెల పెరిగినందున కట్టడములు ఆకాశమువైపు పెరిగినవి. 1885 లో జెన్నీ యను శిల్పి ఉక్కు ఇనుముల చట్రముపై పదియంతస్తుల మేడను కట్టించెను. ఈనాడు మహానగరములలో మనము చూచు ఆకాశహర్మ్యములకు అది పూర్వరూపము.

నిప్పుకంటె నీరు ఎక్కువ బాధించెను. నేల సరస్సుమట్టమునకు ఇంచుక మాత్రమే పైనుండుటచే మురుగు పోవు దారి లేదు. 1850 ల నడుమ నగరమువారు వీథుల మట్టమునే పెంచదలచి, ఇటుకమేడలను మరలజాకీలపై నంగుళమంగుళముగా పైకెత్తిరి. లోపలి వర్తకము ఆగకయే మేడ పైకి లేచుచుండెను. కాని మురుగంతయు నేటిలో పడును; ఏఱు సరస్సులో కలియును; త్రాగునీరు ఆ సరస్సునుండియే రావలెను. కలరాయు, సన్నిపాతజ్వరమును వేలమందిని బలిగొనెను. 1885 లో నొక్క వర్షమునకు తొంబదివేలమంది చనిపోయిరను కథ లోకమున వ్యాపించియున్నది గాని అది సత్యము కాదు. సత్యమే చాలినంత భయంకరము.

తుదకు నగరమువారు ఏటినే వెనుకకు మరల్పదలచిరి. 28 మైళ్ల కాలువను సరస్సుమట్టముకంటె లోతుగా త్రవ్వి 1900 జనవరి 2 వ తేదీన నీరు వదలిరి. పొఱుగురాష్ట్రమువారు న్యాయస్థానమునుండి ఆటంకపుటుత్తరువు తెత్తురేమోయని యెట్టి యుత్సవమును లేకుండ వేకువనే గండి కొట్టిరి. నాటినుండి షికాగో యేఱు సరస్సులో కలియుట మాని, సరస్సునుండి బయటికి పాఱుచున్నది. నగరమునకు మంచినీరు దక్కినది. మురుగు దిగువనున్న మిస్సోరీ ప్రజల నదిలోనికి పోయినది. వారు దావా వేసిరి. కీడు రుజువు కాలేదని 1906 లో న్యాయస్థానము త్రోసివేసెను. ఎగువవాని యారోగ్యమునకు దిగువవాడెంత వెల యీయవలెనను ప్రశ్న నదులొడ్డున పంటలు పండించు మన పాఠకుల కెఱుకపఱుప నక్కఱలేదు.

బరువు మోసినవారు

1865 లో తెఱువబడిన పశువుల యంగడికి ప్రక్కనే కబేళాలు లేచినవి. మంచుపెట్టెల రైళ్లు వచ్చిన పిదప మాంసము తూర్పుతీరమునకు పోజొచ్చెను. వ్రేలాడుచు కదలు నొక్కొక్క పశుదేహమునుండి ఒక్కొక్కడు ఒక్కొక్క ముక్క మాత్రము కోయును. దినమంతయు నదే కోత. పోలండు, లిథువేనియా మొదలగు దేశములనుండి వచ్చిన పేదలు అచ్చట పనిచేయుచుండిరి. 1906 లో అప్టన్ సింక్లెయిర్ తన ‘ది జంగిల్’ నవలలో వారి దుఃఖమును వర్ణించెను. చదివినవారు కార్మికుని బ్రతుకుకంటె తమ భోజనపుపళ్లెమునుగూర్చి యెక్కువగా కలతపడిరి. మాంసపు తనిఖీకిని, ఆహారశుద్ధికిని ఆ యేటనే చట్టములు వచ్చినవి; కూలి మాత్రము పెరుగలేదు.

అంతకు ముందే 1886 మే 1 వ తేదీన, దినమునకు ఎనిమిదిగంటల పనియే యుండవలెనని కార్మికులు సమ్మె చేసిరి. మూడవతేదీ మెక్‌కార్మిక్ కర్మాగారముయొద్ద పోలీసులు కాల్పులు జరిపిరి. మఱునాటి రాత్రి హేమార్కెట్టు సభలో నెవడో బాంబు విసరెను; పోలీసులును ప్రజలును మరణించిరి. విసరినవాడెవడో నేటికిని తెలియదు. ఎనిమిదిమందిని వారి యుపన్యాసములకును వ్రాతలకును బాధ్యులనుజేసి శిక్షించిరి. 1887 నవంబరు 11 న నలుగురిని ఉరితీసిరి. ఒకడు చెఱలో ఆత్మహత్య చేసికొనెను. మిగిలిన మువ్వురిని 1893 లో గవర్నరు ఆల్ట్‌గెల్డ్, విచారణ న్యాయముగా జరుగలేదని వ్రాసి, విడుదలచేసెను. దానితో ఆయన రాజకీయజీవితము ముగిసినట్లే. నేడు మనదేశమున మే 1 వ తేదీన ఎఱ్ఱజెండా లెగురవేయువారు ఆ నగరపు వీథులను స్మరించుచున్నారు.

వెలుగును, చీకటియు

ఆ 1893 లోనే షికాగో తన వైభవమును లోకమునకు ప్రదర్శించెను. కొలంబసు అమెరికా చేరి నాలుగువందలయేండ్లయిన సందర్భమున సరస్సుతీరమున తెల్లని సౌధములతో నొక ప్రదర్శనము కట్టిరి. ఆఱుమాసములలో రెండుకోట్ల డెబ్బదిలక్షలకు పైగా ప్రవేశములు లెక్కకు వచ్చెను. దాని యనుబంధముగా జరిగిన సర్వమతసభలో సెప్టెంబరు 11 వ తేదీన స్వామి వివేకానందుడు మాటలాడెను. ఆ యాత్రకు పూర్వము ఫిబ్రవరిలో ఆయన సికిందరాబాదు మహబూబు కళాశాలలో, తానేల పడమటికి పోదలచితినో చెప్పుచు ఇంగ్లీషున ఉపన్యసించెను. ఆయన బహిరంగోపన్యాసములలో నది మొదటివానిలో నొకటి. షికాగో విన్న కంఠమును మన తెలుగునేల కొన్నినెలలు ముందుగా వినినదని చెప్పుకొనుట సత్యమే.

కాని ఆ తెల్లని సౌధములలో నల్లవారికి స్థానమీయలేదని ఐడా వెల్స్ అను వనిత కరపత్రము అచ్చువేసి ప్రదర్శనమునందే పంచిపెట్టెను. ఆ సంవత్సరమే ఆర్థికసంక్షోభము వచ్చెను. పుల్మన్ రైలుపెట్టెల కంపెనీవారు కూలి తగ్గించి, తమ ఊరిలో కార్మికులు చెల్లించు ఇంటియద్దె మాత్రము తగ్గింపకుండిరి. 1894 లో సమ్మె దేశమందంతటను రైళ్లను నిలిపెను. గవర్నరు వలదన్నను దేశాధ్యక్షుడు సైన్యమును పంపి దానిని అణచెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమునుండి దక్షిణరాష్ట్రముల పత్తిచేలను విడిచి నల్లవారు లక్షలుగా ఉత్తరమునకు వచ్చిరి. షికాగో వారికి పని చూపెను, ఇల్లు చూపలేదు. 1919 జూలై 27 న పదునేడేండ్ల నల్లబాలుడు సరస్సులో నీదుచు, కంటికి కానరాని సరిహద్దును దాటి తెల్లవారి తీరమువైపు పోగా, రాళ్లు రువ్విరి; బాలుడు మునిగిపోయెను. అటుపై జరిగిన కొట్లాటలలో 38 మంది మరణించిరి. వారిలో 23 మంది నల్లవారు. నల్లవానికి ఇల్లమ్మరాదను షరతు దస్తావేజులలోనే వ్రాయబడుచుండెను. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపఱుపరాదని 1948 లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పిచ్చినను మనసులలోని షరతు పోలేదు. 1966 లో మార్టిన్ లూథర్ కింగ్ ఇండ్లకొఱకై ఊరేగింపు నడపగా ఆయన తలకు రాయి తగిలెను. డు సేబిల్ ఇల్లు కట్టిన రెండువందల యేండ్లకు, 1983 లో గాని నల్లవాడు ఆ నగరమునకు మేయరు కాలేదు. ఆయన హెరాల్డ్ వాషింగ్టన్.

మరల ఉల్లి

అడవియుల్లితో పేరు తెచ్చుకొనిన నగరమునకు ఉల్లియే మఱల పాఠము చెప్పెను. గ్రుడ్లు, వెన్న అమ్ముకొనుటకు 1898 లో పుట్టిన చిన్నసంఘ మొకటి పిదప ‘మర్కంటైల్ ఎక్స్చేంజి’ అను పేరు పెట్టుకొని ఉల్లిపై కూడ వాయిదా బేరములు నడపుచుండెను. 1955 లో ఇరువురు వర్తకులు షికాగోలోని ఉల్లినంతయు దాదాపుగా తమ వశము చేసికొనిరి. పిమ్మట వెల పడిపోవునని పందెము కాసి, నిలువను ఒక్కుమ్మడిగా విపణిపై కుమ్మరించిరి. రెండుడాలర్లకు పైబడి పలికిన 50 పౌనుల బస్తా 1956 మార్చినాటికి పదిసెంట్లకు దిగెను. ఖాళీగోనె వెల అంతకంటె ఎక్కువ! ఉల్లిని పాఱబోసి గోనెను దాచుకొనుట లాభమని తేలెను. ఆ యిరువురు లక్షలు గడించిరి. ఎందఱో రైతులు దివాళాతీసిరి. రైతుల మొఱపై 1958 లో దేశశాసనసభ ఉల్లిపై వాయిదా బేరములనే నిషేధించెను. ఆ నిషేధము నేటికిని అమలులో నున్నది.

కాలము మాఱినది. పశువుల యంగడి 1971 లో మూతపడెను. దాని రాతిద్వారము మాత్రము మిగిలియున్నది. ఉక్కు కర్మాగారములలో పెద్దవి మూతపడినవి. 1950 లో 36 లక్షలు దాటిన జనసంఖ్య 2020 నాటికి 27,46,388 కు తగ్గినది. గ్రుడ్లు, వెన్నల సంఘమునుండి పెరిగిన సంస్థయే 2007 లో పూర్వపు బోర్డ్ ఆఫ్ ట్రేడును తనలో కలుపుకొనెను. కేకలు వేసి, చేతులెత్తి ధాన్యపు వాయిదా బేరము లాడు గుంటలు 2015 లో మూయబడి, గణనయంత్రములు ఆ పని చేయుచున్నవి. గోనె పోయి రసీదు వచ్చినది; రసీదు పోయి తెరమీది యంకె వచ్చినది. అయినను గోధుమకును మొక్కజొన్నకును అచ్చట పలికిన వెలను ప్రపంచమంతయు చెవియొగ్గి వినుచునే యున్నది.

నగరమును దూషించి పల్లెను పొగడుట మా యుద్దేశము కాదు. షికాగో లేనిచో ఆ మైదానములలో పండిన గోధుమ తినువారిని చేరక ముక్కిపోయియుండెడిది. పల్లెకు నగరము కావలెను. నగరమునకు పల్లె మఱింత కావలెను. అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: రెంటి నడుమ వ్రేలాడు త్రాసును తనిఖీ చేయువా రెవరు? షికాగోలో ఆ ప్రశ్నను రైతులు సంఘములుగా కూడి యడిగిరి, రాజ్యాంగములో వ్రాయించిరి, న్యాయస్థానములో నెగ్గించుకొనిరి. అడిగినంతవఱకే వారికి న్యాయము లభించెను. అడుగుట మానినచోట, ఉల్లిబస్తాకు జరిగినదే జరిగెను. పంట కాటాకెక్కిన దినమున ముల్లును చూడక పైవాని ముఖమును చూచి వచ్చు రైతు ఏ దేశమున నున్నను, ఈ చరిత్రము ఆతనిదియే.